రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే ప్యాడ్లు

4, సోమవారం

నిన్న రేసు ట్రాక్ మీద బ్రేకు పడలేదు.

అందుకని మా ఆడపడుచు పిడుగు నిన్నటి నుంచీ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. కాస్త ఆలస్యంగా నొక్కావేమో వదినా, సరిగ్గా నొక్కలేదేమో వదినా అని. పదిహేనేళ్ళుగా అదే ట్రాక్ మీద తోలుతున్నదాన్ని. ఎక్కడ నొక్కాలో నాకు ఈ డ్రిల్లు టీచరమ్మ నేర్పాలి! బళ్ళో పిల్లల్ని ఈలేసి ఆపినట్టు కార్లని కూడా ఈలేసి ఆపుతారనుకుంటుంది మా ఆడపడుచు. దానికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిందే నేను.

జరిగింది ఇంతే. పొడుగ్గా తిన్నగా పోయే రోడ్డు చివర మలుపు. మలుపుకి వంద మీటర్ల ముందు వంద అని రాసిన బోర్డు. ఎప్పుడూ నొక్కే చోటే నొక్కాను. బండి ఆగలేదు. తిన్నగా వెళ్ళి మలుపు బయట పోసిన కంకరలో దిగబడింది. పక్కన పిడుగు, దాని పక్కన దుమ్ము. ఎవరికీ ఏమీ కాలేదు. జెండా పట్టుకున్న క్లబ్బు అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. బ్రేకు ప్యాడ్లు కాలిపోయాయి అన్నాను. అక్కడ కంకరలో దిగినవాళ్ళందరూ అదే మాట అంటారు కాబట్టి తలూపి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే ఈయన నవ్వుతూ, "ఆడలేక మద్దెల ఓడందట" అన్నారు. అని, నా కాలి వైపు చూశారు. మాట అన్నందుకు కాదు, అలా చూసినందుకు ఒళ్ళు మండింది. రాత్రి అన్నం విడిగా తిన్నాను.

పోయిన వారం షుగర్ డాక్టరమ్మ చెప్పినదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కాళ్ళలో నరాలు మొద్దుబారుతున్నాయంది. అంటే అరికాళ్ళు. బ్రేకు నొక్కేది అరికాలితో కాదు, కాలితో.

ప్యాడ్లు మార్చాలి. చక్రాల్లో ఆ ప్యాడ్లు నొక్కి పట్టుకునే డిస్కులు కూడా. అవి వేసి చాలా కాలమైంది.

6, బుధవారం

పొద్దుటి నుంచీ ల్యాబ్‌లో ఒక పెద్దాయన పై పళ్ళ సెట్టుతో సరిపోయింది. నెల కిందట నేనే చేసిచ్చాను. ఇప్పుడు వదులైంది, నువ్వే సరిగ్గా చెయ్యలేదు అని తగువు. సెట్టు అంతే ఉంటుంది బాబాయ్‌గారూ, మీ చిగుళ్ళే అరుగుతాయి అని నెమ్మదిగా చెప్పాను. వినడే. ఈ వయసులో వీళ్ళకి ఒకటి చెప్పి ఒప్పించడం బ్రహ్మ తరం కాదు.

సాయంత్రం బ్రేకుల షాపుకి వెళ్ళాను. షాపాయనకి గొంతు ఎక్కువ. బల్ల మీద డబ్బాలు పరిచి సంతలో అరిచినట్టు అరుస్తాడు. మామూలు ప్యాడ్లు వేసుకుంటే రోడ్డు మీద హాయి, చప్పుడుండదు, నొక్కగానే పట్టుకుంటాయి. ట్రాక్ మీద నాలుగు చుట్లు తిరిగేసరికి పొగలొచ్చి చేతులెత్తేస్తాయి. రేసు ప్యాడ్లు దానికి తలకిందులు. కాలేకొద్దీ పట్టు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రం రాయి. ఊళ్ళో తోలితే వీధంతా వినపడేలా కీచుమంటాయి, డిస్కుల్ని తినేస్తాయి. రెంటికీ మధ్యరకం ఒకటుంది. రోజూ పనికీ, ఎప్పుడైనా ఓ ఆదివారం ట్రాక్‌కీ వెళ్ళే నాలాంటి వాళ్ళకి. అత్తకీ కోడలికీ ఒకేసారి నచ్చే చీర ఉంటుందా అన్నాను. ఉంటుందమ్మా, ఇద్దరికీ కాస్త కాస్త నచ్చదు అన్నాడు. నవ్వొచ్చింది. అవే తీసుకున్నాను.

డిస్కుల దగ్గర మళ్ళీ చర్చ. చిల్లులున్నవి చూడ్డానికి బాగుంటాయి, బాగా కాలితే చిల్లు దగ్గరే బీట వేస్తాయి. గాట్లున్నవి ప్యాడ్లని కొబ్బరి కోరినట్టు కోరేస్తాయి. ఏ సోకూ లేని మందపాటి సాదా డిస్కులు ఇవ్వమన్నాను. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అనుకునే రకం కాదు నేను. పళ్ళ పని చేసేదాన్ని, వెంట్రుకవాసి తేడా కూడా నాకు లెక్కే.

అన్నీ కట్టేముందు ఆయన ఒకటడిగాడు. "ఆ రోజు పెడల్ మెత్తగా కిందికి దిగిపోయిందా, లేక గట్టిగానే ఉండి బండి ఆగలేదా?"

మెత్తగా దిగిపోతే బ్రేక్ ఆయిలు మరిగినట్టు. గట్టిగా ఉండి ఆగకపోతే ప్యాడ్లు కాలినట్టు. ఇది నాకు తెలియక కాదు. నేనే పది మందికి చెప్పిన సంగతి.

రెండూ అన్నాను. రెండూ ఎలా అవుతాయమ్మా అన్నాడు. ఆయిలు కూడా మార్చెయ్యండి, సరిపోతుంది అన్నాను.

7, గురువారం

మెత్తగా ఉందా, గట్టిగా ఉందా. గుర్తు లేదు. అంత హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది.

10, ఆదివారం

కొత్త ప్యాడ్లూ కొత్త డిస్కులూ వేశాక వాటిని కలపాలి. పెళ్ళైన కొత్తలో మొగుడూ పెళ్ళాల్లాగా ముందు ఒకదానికొకటి అలవాటు పడాలి. వేగంగా వెళ్ళడం, గట్టిగా నొక్కడం, ఆగబోతుండగా వదిలెయ్యడం, మళ్ళీ వేగం, మళ్ళీ నొక్కడం. పూర్తిగా మాత్రం ఆపకూడదు. కాలిపోతున్న ప్యాడ్లని నొక్కి పెట్టి నిలబడితే ప్యాడ్ మసి డిస్కు మీద ముద్రలా పడుతుంది. ఇక ఆ మచ్చ వచ్చినప్పుడల్లా బండి వణుకుతుంది. ఈ పని చేసేవాళ్ళకి ఇదే మొదటి పాఠం.

పొద్దున్నే బైపాస్ ఖాళీగా ఉంటుందని పిడుగునీ తీసుకెళ్ళాను. ముందు అది తోలింది. వెన్నలో కత్తి దింపినట్టు ఆపింది. తర్వాత నేను. ఒకసారి చాలీచాలకుండా, ఒకసారి ఇద్దరం అద్దానికి కొట్టుకునేలా. ఇంకా నొక్కు వదినా అంటుంది. నొక్కాక, అంత కాదు వదినా అంటుంది. నీ నస వల్లే కుదరడం లేదు, నోరు మూసుకు కూచో అన్నాను.

చివర్లో ఓసారి బండి పూర్తిగా ఆగిపోయింది. నేను కాలు తీసేశాననే అనుకున్నాను. బండి ఎందుకు కదలడం లేదా అని చూస్తున్నాను. పిడుగు నా మోకాలి మీద చెయ్యేసి, "కాలు తియ్యి వదినా" అంది. అప్పటికే కమురు వాసన.

ఇంటికి వస్తుంటే స్టీరింగు వణికింది. కొత్త డిస్కుల మీద నా చేతులారా మచ్చ వేశాను. అది పక్కన వాగుతుంటే పరధ్యానంలో పడ్డాను, ఇంకేం లేదు.

దారంతా అది కిటికీ లోంచి బయటికే చూస్తూ కూచుంది. నోరు మూసుకోమన్నాను కదా, అందుకేమో.

12, మంగళవారం

ఇంటి నుంచి ల్యాబ్‌కి నడిచే వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే రిసెప్షన్‌లో పిల్ల, అమ్మా మీ కుడికాలి చెప్పేదీ అంది. చూసుకుంటే లేదు. వెనక్కి వెళ్ళి వెతికితే వీధి మలుపులో మురుగు మూత పక్కన దొరికింది. అక్కడి నుంచీ ఒంటి చెప్పుతో నడిచానన్నమాట.

ఆ చెప్పులు వదులు. ఎప్పటి నుంచో పారేద్దామనుకుంటున్నాను.

అరికాల్లో చిన్న గాజు పెంకు కూడా ఉంది. నేనే తీసి మందు రాసుకున్నాను. నొప్పి లేదు, కాబట్టి లోతుగా దిగలేదన్నమాట.

15, శుక్రవారం

రేసు ప్యాడ్లు వేయించాను.

బాగా ఆలోచించే చేశాను. డిస్కుల మీది మచ్చని ఇవి గీకి శుభ్రం చేసేస్తాయి, షాపాయన కూడా ఒప్పుకున్నాడు. రెండోది, వీటికి పట్టు ఎక్కువ. కాలు కాస్త తగిలితే చాలు, బండి ఆగుతుంది. మధ్యరకం వేసుకుని ఎంత నొక్కానో ఏంటో చూసుకోవడం ఎందుకు. ట్రాక్‌కి వెళ్ళే రోజున ఇవి వేసుకుని, ఇంటికొచ్చాక మామూలువి వేసుకోవాలి, అందరూ చేసేది అదేనమ్మా, రోడ్డుకి ఇవి వద్దు అని షాపాయన గొంతు చించుకున్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ చించుకునే ఉంటుంది.

పిడుగుకి చెప్పలేదు. చెబితే మళ్ళీ హరికథ మొదలెడుతుంది.

ఈయనకి మాత్రం చెప్పాలి. పొద్దున్నే బండి తీసేటప్పుడు ప్యాడ్లు చల్లగా ఉంటాయి, మొదట రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వేడెక్కించుకోండి అని. సోమవారం కదా ఈయన బండి తీసుకెళ్ళేది. అప్పుడు చెబుతాను.

16, శనివారం

ఊళ్ళో ఓ చుట్టు తిరిగొచ్చాను. కీచుమంటుంటే దారిన పోయేవాళ్ళందరూ తిరిగి చూశారు. చూడనీ. బండి ఆగుతోంది. నేను నొక్కిన చోటే ఆగుతోంది. ఒకటి రెండుసార్లు ఆగలేదు, అది సిగ్నల్ దగ్గర ముందువాడు ఉన్నట్టుండి ఆపినందువల్ల.

ఇంటికీ ల్యాబ్‌కీ మధ్య నాదంటూ ఉన్నది ఆ బండి ఒక్కటే. ఇంట్లో ఉంటే ఒకరికి పెళ్ళాన్ని, ల్యాబ్‌లో ఉంటే పళ్ళమ్మని. స్టీరింగు వెనక కూచుంటే నేను నేను. ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. అది పోతే నాకు మిగిలేదేమీ లేదు.

18, సోమవారం

చెప్పడం మర్చిపోయాను.

పొద్దున వాన. ఈయన కింద పార్కింగు నుంచి బండి తీశారు. గేటు దాకా ఏటవాలు. గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీ వేసుకుని కూచుంటాడు. ఈయన ఎప్పటిలాగే మెల్లగా నొక్కారు. చల్లటి ప్యాడ్లు కదా, రాయి. బండి జారుకుంటూ వెళ్ళి కుర్చీని గోడకేసి నలిపేసింది. వాచ్‌మన్ అప్పుడే గేటు తీయడానికి లేచాడు కాబట్టి బతికాడు.

ఈయన ఆఫీసుకి వెళ్ళలేదు. పైకొచ్చి తడిసిన చొక్కాతోనే సోఫాలో కూచున్నారు. నేను గబగబా చెప్పేశాను. బ్రేకులు చెడిపోలేదండీ, చల్లగా ఉన్నాయంతే, రేసు ప్యాడ్లు కదా, రెండుసార్లు గట్టిగా నొక్కితే సరిపోయేది, చెబుదామనుకునే మర్చిపోయాను అని. అంతా విన్నారు. కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండేది.

"ఇవన్నీ బండికి కావలసినవేనా? లేక నీ కాలికి కావలసినవా?" అన్నారు.

వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. కుళాయి చప్పుడుకి ఈయనకి వినపడలేదనుకుంటాను.

సాయంత్రం కొత్త కుర్చీ కొనుక్కుని కిందికి వెళ్ళాను. ఎందుకమ్మా అంటూనే తీసుకున్నాడు వాచ్‌మన్. దాన్ని తీసుకెళ్ళి గోడకి దూరంగా, మెట్ల పక్కన వేసుకున్నాడు.

19, మంగళవారం

మధ్యరకం ప్యాడ్లు మళ్ళీ వేయించాను. డిస్కుల మీది మచ్చ మాత్రం పోయింది. షాపాయన ఈసారి ఏమీ అరవలేదు. గేటు దగ్గర జరిగింది ఎవరు చెప్పారో.

21, గురువారం

డాక్టరమ్మ దగ్గరికి ఈయన కూడా వచ్చారు. వద్దన్నా వచ్చారు.

పరీక్ష అంటే పెద్ద యంత్రాలేమీ లేవు. ఒక పుల్లకి సన్నటి నైలాను దారం. కళ్ళు మూసుకోమంటుంది. అరికాల్లో అక్కడక్కడా ఆ దారంతో పొడిచి, తగిలిందా అని అడుగుతుంది. తగిలింది అన్నాను. తగిలిందా? తగిలింది. ఇప్పుడు? ఆ, తగిలింది. ఇందులో తప్పేంటి, అడిగినప్పుడల్లా పొడుస్తుంది కదా అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఈయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు. డాక్టరమ్మ దారాన్ని బల్ల మీద పెట్టేసింది. చివరి నాలుగుసార్లూ అసలు నన్ను ముట్టుకోనే లేదట.

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ వయసులో, మొగుడి ముందు, పరాయి మనిషి ముందు, చిన్నపిల్లలా దొరికిపోయాను.

డాక్టరమ్మ తిట్టలేదు. ఈలోగా గాజు పెంకు దిగిన చోటు చూసింది. అది చీము పట్టింది, నాకు తెలియదు. కట్టు కడుతూ నెమ్మదిగా చెప్పింది. "పోయిన నరం తిరిగి రాదమ్మా. ఉన్నది కాపాడుకోవాలి. కారు మాత్రం ఇక వద్దు."

మందులు మారిస్తే? రాదు. షుగర్ పూర్తిగా అదుపులో పెట్టుకుంటే? ఇంకా పోకుండా ఉంటుందేమో, పోయింది రాదు. పలచటి అడుగున్న బూట్లుంటాయి, రేసుల్లో వేసుకునేవి, అవి వేసుకుంటే? తల అడ్డంగా ఊపింది. చివరికి ఈయనే అడిగారు పాపం, చేత్తో నొక్కే బ్రేకు బిగించుకుంటారు కదండీ కొందరు, అలాంటిది కుదురుతుందా అని. కుదరచ్చు, ముందు వేళ్ళు కూడా పరీక్ష చెయ్యాలి, చేతులిలా ఇవ్వండమ్మా అంది.

ఇవ్వలేదు. చేతులు బ్యాగులో పెట్టుకుని లేచి వచ్చేశాను. పోయిన నెల నుంచీ మైనం పళ్ళు చెక్కుతుంటే వేలు ఎక్కడ ఆనిందో కళ్ళతో చూసుకుంటున్నాను. ఆ మాట ఇప్పటిదాకా ఇక్కడ కూడా రాయలేదు.

22, శుక్రవారం

ఈయన తాళం దాచలేదు. ఎప్పటిలాగే మేకుకి వేలాడుతోంది. దాచి ఉంటే పోట్లాడేదాన్ని.

23, శనివారం

రేపు ట్రాక్. నెల కిందటే పేరిచ్చాం. పిడుగు ఫోన్ చేసి, "నేను తోలతాను వదినా, నువ్వు పక్కన కూచుని బ్రేకులెలా ఉన్నాయో చూడు" అంది. అంటే దానికీ చెప్పారన్నమాట. అన్నాచెల్లెళ్ళిద్దరూ కూడబలుక్కున్నారు.

సరే అన్నాను. కట్టు గట్టిగానే ఉంది. బూటు పడుతోంది. నేను ఒక్క చుట్టు, మెల్లగా, ఖాళీగా ఉన్నప్పుడు. అంతకంటే అడగను.

24, ఆదివారం

పిడుగు తోలింది. నేను పక్కన కూచున్నాను.

రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను. ఇంత మంచి బ్రేకులు ఈ బండికి ఎప్పుడూ లేవు. మొదటి చుట్టులో, ప్యాడ్లు ఇంకా చల్లగా ఉన్నప్పుడే పట్టాయి. పదో చుట్టులో, డిస్కులు కాలిపోతున్నప్పుడు కూడా అంతే పట్టు. వంద బోర్డు దగ్గర అది నొక్కడం, నా నడుం బెల్టుకి ఆనుకోవడం, బండి బుద్ధిగా తలొంచి మలుపులోకి తిరగడం. వణుకు లేదు, వాసన లేదు, కీచు లేదు. మధ్యరకం, సాదా డిస్కులు, కొత్త ఆయిలు. నేను ఎంచిందంతా సరిగ్గా ఉంది. ఒక్కటి కూడా తప్పు లేదు. బ్రేకుల్లో ఎక్కడో ఒకచోట తప్పు దొరికితే బాగుండునని చుట్టు చుట్టుకీ వెతికాను.

ట్రాక్ దిగి లోపలికొచ్చి ఆపాక పిడుగు దిగింది. నేను అటు తిరిగి వెళ్ళి స్టీరింగు వెనక కూచున్నాను. అది వద్దనలేదు. నాకు వద్దని చెప్పగలిగినవాళ్ళెవరూ మా ఇంట్లో లేరు, అదే మా ఇంటి ఖర్మ. తాళం మాత్రం దాని గుప్పిట్లోనే ఉంది.

ట్రాక్ ఎక్కబోయే బండికి ప్రతిసారీ వెనక ఒకళ్ళు నిలబడి ఎర్రదీపాలు వెలుగుతున్నాయో లేదో చూడాలి. అది ఆ క్లబ్బు పద్ధతి. లోపలున్నవాళ్ళు బ్రేకు నొక్కి వెలిగిందా అని అడుగుతారు, బయటివాళ్ళు చెబుతారు. దానికి తాళం కూడా అక్కర్లేదు. పిడుగు వెనక్కి వెళ్ళి నిలబడింది. నేను హెల్మెట్ పెట్టుకున్నాను. అది పెట్టుకుంటే మెడ వంచనిదే కాళ్ళు కనపడవు. పదిహేనేళ్ళలో ఎప్పుడూ చూసుకోవలసిన అవసరం రాలేదు.

నొక్కాను.

"వెలిగిందా?" అన్నాను.

పక్క బండి ఇంజను చప్పుడొక్కటే.

"వెలిగింది వదినా."

ఇంకా గట్టిగా నొక్కాను. తొడ వణికేదాకా, ఉన్న బలమంతా పెట్టి. "ఇప్పుడో?"

"బాగా వెలిగింది వదినా. రెండూ వెలిగాయి."

మెడ వంచి కిందికి చూశాను. నా కుడికాలు పెడల్ మీద లేదు. రెండు పెడళ్ళకీ మధ్య, కింద రబ్బరు మ్యాట్ మీద ఉంది. దాన్నే అంత గట్టిగా నొక్కుతున్నాను.

తలెత్తేసరికి పిడుగు ముందుకొచ్చేసింది. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, బండికి అడ్డంగా నిలబడింది. దాని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వెలిగాయి వదినా అని ఇంకా అంటూనే ఉంది. ఒక్క అంగుళం కూడా పక్కకి జరగలేదు.

హెల్మెట్ తీసేశాను. తలుపు తీసుకుని, ఏ కాలు ఎక్కడ పెడుతున్నానో చూసుకుంటూ దిగాను.